గాలి బాగోలేని రోజు గొడవలు ఎక్కువవుతాయా?

ప్రశ్న (రాత్రి డ్యూటీ మనిషి):
అత్యవసర ఫోన్లు అందుకునే చోట పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. గాలి కదలక, పొగ కిందికి దిగి ఊరంతా కమ్మేసిన రోజుల్లో ‘పక్కింట్లో కొట్టుకుంటున్నారు’, ‘మా ఆయన చెయ్యి చేసుకున్నాడు’ అనే ఫోన్లు ఎక్కువ వస్తున్నాయని నాకు అనిపిస్తోంది. ఆర్నెల్లుగా డైరీలో రాసుకుంటున్నాను కూడా. ఇది నా భ్రమేనా? ఆ ఏడుపులు వినేది నేను, అందుకే అడుగుతున్నాను.

జవాబు (లెక్కల టీచర్):
భ్రమ కాకపోవచ్చండీ. కాకపోతే డైరీ ఒక్కటే చాలదు. వేడికీ జనం చిరాకు పడతారు. ట్రాఫిక్ ఎక్కువున్న రోజు పొగా ఎక్కువే, రోడ్ల మీద జనమూ ఎక్కువే. పొగ దట్టంగా ఉండే పేటల్లో తరచూ పేదరికమూ ఉంటుంది. ఇన్నిటిలోంచి పొగ వాటాను విడదీయాలి.

షికాగోలో ఆ పని చేసిన తీరు నాకు చాలా నచ్చింది. పెద్ద హైవేలకి అటూ ఇటూ ఉన్న వీధుల్ని పోల్చారు. గాలి ఒక రోజు ఇటు వీస్తుంది, ఇంకో రోజు అటు. హైవే అదే, ఆ రోజు ఎండా అదే, పొగ మాత్రం ఒక వైపుకే కొట్టుకుపోతుంది. ఆ వైపున హింసాత్మక నేరాలు సుమారు 2 శాతం ఎక్కువ నమోదయ్యాయి. దొంగతనాల్లో అలాంటి తేడా రాలేదు.

జవాబు (పాత పాఠకురాలు):
లండన్ సంగతీ చూడండి. 2004, 2005 లెక్కల్లో వాయు నాణ్యతా సూచీ (ఇది పెరిగితే గాలి పాడైనట్టు) 10 పాయింట్లు పెరిగితే నేరాలు 0.9 శాతం పెరిగాయి. అక్కడ ప్రభావం ఎక్కువ పడింది చిన్న నేరాల మీద. షికాగోకి ఇది పూర్తిగా కలవదు, గమనించారా? నా భయం ఇంకొకటి. ‘ఆ పేట వాళ్లంతా అంతే’ అనడానికి దీన్ని వాడుకుంటారేమో.

జవాబు (లెక్కల టీచర్):
ఆ భయం నాకూ ఉందమ్మా. కానీ ఆ హైవే లెక్క చెప్పేది సరిగ్గా దానికి ఎదురు. మనుషులు మారలేదు, గాలి వాటం మారింది. అదీ వేల రోజుల లెక్కలో కనబడే చిన్న తేడా. దాన్ని పట్టుకుని ఒక మనిషి ఎందుకు కొట్టాడో చెప్పలేం, కొట్టినవాడి తప్పు పొగ మీదికి నెట్టనూ లేం.

ఒంట్లో ఏం జరుగుతుందంటారా, 2.5 మైక్రాన్లకి లోపుండే ధూళి ఊపిరితిత్తుల లోతుకి వెళ్తుంది, అందులో మరీ సన్నటిది రక్తంలోకీ చేరుతుంది. దాంతో ఒంటి లోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్), ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరగడం చూశారు. పొగకీ నేరాలకీ ముడి అనగానే సీసం కలిపిన పెట్రోలు మాటా వస్తుంది, కానీ దాని కథ వేరు. అది పసివాళ్ల మెదడునే దెబ్బతీసేది. కార్లకి దాని అమ్మకం ప్రపంచమంతటా ఆగింది 2021లోనే.

రాత్రి డ్యూటీ మనిషి:
చాలా థాంక్సండీ. నిన్న రాత్రి డైరీలో రెండు గళ్లు చేర్చాను, వేడి ఎంత, గాలి ఎటు నుంచి. ఫోన్ ఏ వీధి నుంచి వచ్చిందో ముందే రాస్తున్నాను కాబట్టి రోడ్డుకి ఏ వైపో కూడా తేలుతుంది. ఏడాది నిండాక వచ్చి చెప్తాను.