పాత ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది, కొత్తది కొనాల్సిందేనా?

దేవరకొండ_జిరాక్స్:
అన్నలూ, మాది దేవరకొండలో చిన్న జిరాక్స్ షాపు. పదిహేనేళ్ల లేజర్ ప్రింటర్, విండోస్ 7 సిస్టమ్ మీద ఏ రోజూ సతాయించలేదు. ఆ సిస్టమ్ పోయి విండోస్ 11 ది తెచ్చాక తిప్పలు మొదలైనయ్. ప్రింటర్‌తో వచ్చిన సీడీ ఎక్కలేదు, కంపెనీ సైట్‌లోంచి డ్రైవర్ (సిస్టమ్‌ను ప్రింటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) దించి వేస్తే రెండు రోజులు బాగానే కొట్టింది, నిన్న టేబుల్ జరిపి ఊడ్చి వైరు మళ్లీ పెట్టినప్పటి నుంచి ఆఫ్‌లైన్ అనే చూపిస్తోంది. ప్రింటర్ మీది బటన్ నొక్కితే మాత్రం టెస్ట్ పేజీ శుభ్రంగా వస్తోంది. రిపేరు ఆయన పడేసి కొత్తది తీసుకొమ్మంటున్నాడు. హాల్ టికెట్ల టైమ్, ఒకటే టెన్షన్.

పాలమూరు_సర్వీస్:
పడేయకు తమ్మీ. టెస్ట్ పేజీ వస్తోందంటే ప్రింటర్‌కు ఏ రోగం లేదు. సీడీలోది 32 బిట్ డ్రైవర్ అయ్యుంటుంది, విండోస్ 11 ఉన్నదే 64 బిట్, అది దీనికెట్ల ఎక్కుతుంది? ఇక ఆఫ్‌లైన్ అంటే, ఊడ్చినంక వైరు వేరే యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టి ఉంటావు. సాకెట్ మారితే విండోస్ దాన్ని ఇంకో ప్రింటర్ అనుకుంటుంది. ప్రింటర్ల లిస్టులో అదే పేరుతో పక్కన కాపీ 1 అని ఇంకోటి ఉందేమో చూడు, ఉంటే దొంగ దొరికినట్టే. పాతదాని ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్‌కు పోయి టిక్కు యూఎస్‌బీ001 మీది నుంచి కొత్త పోర్టుకు మార్చు. అదంతా ఎందుకనుకుంటే వైరు పాత సాకెట్‌లోనే పెట్టు.

మిర్యాలగూడ_నెట్‌సెంటర్:
దానికంటే ముందు క్యూ, అంటే ప్రింటు కోసం ఆగి ఉన్నవాటి లిస్టు, ఖాళీ చేయి తమ్ముడూ, లేకపోతే కనెక్ట్ కాగానే నిన్నటివన్నీ కొడుతుంది. మా దగ్గర ఒకే పహాణీ పదకొండు సార్లు వచ్చింది, పేపర్ మాదే పోయింది! విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ (ఆ క్యూను నడిపే ప్రోగ్రాం) ఆపి, సిస్టమ్32లో స్పూల్ లోపల ప్రింటర్స్ అని ఫోల్డర్ ఉంటుంది, అందులో ఉన్నవి మాత్రమే డిలీట్ చేసి (ఫోల్డర్‌ను కాదు) మళ్లీ స్టార్ట్ చేయి. యూఎస్‌బీ వైరు 5 మీటర్లు దాటితే కూడా ఇట్లనే సతాయిస్తుంది, టేబుల్ ఎంత దూరం జరిపావో ఏమో.

దేవరకొండ_జిరాక్స్:
కాపీ 1 ఉందన్నా! పోర్టు యూఎస్‌బీ003కి మార్చగానే కదిలింది. అక్కా, క్యూలో 14 ఆధార్ కాపీలు ఉండే, బతికిపోయిన. ఇప్పుడా సాకెట్ పక్కన మార్కర్‌తో గీత గీసి పెట్టిన.