పక్కవారి తవ్వకం వల్ల ఇల్లు వదిలితే పరిహారానికి రసీదులే ఆధారమా?

మూడోఅంతస్తు: పక్క స్థలంలో సెల్లారు కోసం లోతుగా తవ్వుతుంటే మా వంటగది గోడ బీటలు వారింది. అధికారులు వచ్చి రెండు గంటల్లో ఖాళీ చేయమన్నారు. 41 రోజులు బయట ఉన్నాం. ఇప్పుడు నిర్మాణదారు రసీదులు చూపిస్తే ఆ మేరకే ఇస్తానంటున్నాడు. మొదటి 12 రోజులు మా చెల్లెలి ఇంట్లో తలదాచుకున్నాం. వాటికి రసీదు ఎక్కడి నుంచి తేవాలి?

కొలత: పరిహారం అంటే జరిగిన నష్టాన్ని పూడ్చడం. ఖర్చే కానప్పుడు పూడ్చేది ఏముంది? ఇలాంటి నిర్మాణ పనుల్లో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. రసీదు అడగకపోతే బీట పడని ఇంటివాళ్లు కూడా జాబితా పట్టుకుని వస్తారు.

గట్టుమీద: ఆ 12 రోజుల ఖర్చు చెల్లెలు మోసింది. దాన్ని నిర్మాణదారు మిగుల్చుకోవడం ఏ న్యాయం?

పాతగోడ: కొలత గారూ, కోల్‌కతాలో బౌబజార్ చూడండి. 2019 ఆగస్టు 31న మెట్రో సొరంగం తవ్వే యంత్రం భూగర్భ జలాల పొరను తాకింది. నీటితో పాటు మట్టీ సొరంగంలోకి వచ్చింది, పైన నేల కుంగింది, ఇళ్లు కూలాయి. వందల మంది హోటళ్లకు చేరారు. అక్కడ కుటుంబానికి 5 లక్షల రూపాయల చొప్పున ఇచ్చారు, ఒక్కో రసీదూ లెక్కపెట్టి కాదు. ఇల్లే కూలినప్పుడు కాగితాలు మాత్రం ఎక్కడ ఉంటాయి? 2022 మేలో అక్కడి దుర్గా పితూరి వీధి ఇళ్లకు మళ్లీ బీటలు పడ్డాయి, జనం మళ్లీ బయటికి వచ్చారు. ఇల్లు వదలడం కొద్దిరోజుల ఇబ్బందే అనుకోగలమా?

కొలత: అక్కడ ఇళ్లు కూలాయి. ఇక్కడ బీట. రెండూ ఒకటి కాదు.

అద్దెఇల్లు: మాదీ ఇదే కథ. పరిహారం యజమాని ఖాతాలో పడింది. బయట ఉన్న నెలకు కూడా మేము అద్దె కట్టాం. అద్దెకున్నవాళ్లకు ఏమైనా హక్కు ఉందా?

కొలత: ఇంకో మాట. ఆ బీట తవ్వకం వల్లే పడిందని రుజువు ఏమిటి? పని మొదలుకాకముందు చుట్టుపక్కల ఇళ్లను ఫొటోలు తీసి నమోదు చేశారా? పునాదిలో ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య కుంగుడులో తేడా, వాటి మధ్య దూరంలో 300వ వంతుకు చేరితే గోడలు చీలవచ్చు. కొలిచారా?

మూడోఅంతస్తు: కొలిచింది నిర్మాణదారు మనుషులే. బీట పెరిగితే పగిలేలా దానికి అడ్డంగా గాజుపట్టీ అతికించి, దాని మీద తేదీ రాసి వెళ్లారు. మూడో రోజు తెల్లవారేసరికి అది రెండు ముక్కలైంది. నీళ్లు తోడే పంపు ఆ మూడు రాత్రులూ ఆగలేదు. అడుగున నీరు తోడేస్తే మట్టి కుదించుకుపోతుందని నాకన్నా మీకే బాగా తెలుసు. మా నాన్నగారికి చూపు సరిగా లేదు. మా ఇంట్లో గోడ తడుముకుంటూ ఒంటరిగా తిరిగేవారు. ఆ 41 రోజులూ రాత్రిపూట స్నానాలగదికి వెళ్లాలంటే నన్ను లేపాల్సి వచ్చింది. లేపడానికి సంకోచించి తెల్లవారేదాకా అలాగే కూర్చున్న రోజులున్నాయి. దీనికి ఏ రసీదు పెట్టమంటారు?

పాతగోడ: ఆయన జీతం ఇచ్చేది నిర్మాణదారులే. ఆయన్ను అడిగి ఏం లాభం?

కొలత: నా జీతం ఊసు ఎత్తకండి. ఒక పనిచోట, కారణం తేలకముందే పక్కింటివారికి ఖర్చులివ్వాలని పట్టుబట్టింది నేనే. తరువాత ఆ చెల్లింపునే మా తప్పుకు సాక్ష్యంగా కోర్టులో పెట్టారు. చివరికి వాళ్ల మురుగునీటి పైపే పగిలిందని తేలింది. అప్పటికి నా ఉద్యోగం పోయింది. అందుకే రుజువు లేకుండా పైసా ఇవ్వవద్దంటాను.

గట్టుమీద: అయితే మీ అభ్యంతరం రసీదుల మీద కాదు, తప్పు తేలకముందు ఇవ్వడం మీద.

పాతగోడ: ఆ అభ్యంతరానికి ఇంగ్లండులో 1868లోనే జవాబు చెప్పారు. రైలాండ్స్, ఫ్లెచర్ కేసు. ఒకరి జలాశయం నీరు పక్కవారి గనిని ముంచింది. సొంత నేలలో ప్రమాదకరమైనది చేర్చుకున్నవాడు, అది తప్పించుకుపోయి పొరుగువారికి నష్టం చేస్తే, నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యుడే అన్నారు.

కొలత: అక్కడ నీరు ఎవరిదో తెలుసు. బీట ఎవరిదో తేలకముందు సంగతి నేను అడుగుతున్నాను.

మూడోఅంతస్తు: తేలేదాకా మేము ఎక్కడ ఉండాలి? మీ ఉద్యోగం పోవడం అన్యాయమే. కానీ ఆ భయంతో మమ్మల్ని వీధిలో నిలబెడతారా? అనుమతి ఇచ్చేటప్పుడే కొంత సొమ్ము డిపాజిట్ చేయించి, ఖాళీ చేయించిన రోజు నుంచి రోజుకింత అని ఇవ్వవచ్చు. అది తప్పు ఒప్పుకున్నట్టు కాదని అందులోనే రాసుకోండి.

కొలత: అలా రాస్తే డిపాజిట్‌కు ఒప్పుకుంటాను. కారణం ఇంటివాళ్ల పైపేనని తేలితే తిరిగి కట్టాలి మరి.

పాతగోడ: తిరిగి కట్టాలంటే భయపడి ఎవరూ తీసుకోరు.

అద్దెఇల్లు: ఆ రోజుకింత అన్నది ఇంట్లో ఉంటున్నవారికా, యజమానికా? ముందు అది చెప్పండి. మా యజమాని ఫోను ఎత్తడం లేదు.