చర్చ: శాంతి చర్చలు నడుస్తుండగా దేశాధినేత పండగ వేదిక ఎక్కి జోకులెయ్యొచ్చా?

నిద్రపట్టనివాడు (చర్చ మొదలుపెట్టినది)
2025 నవంబర్ 25న వైట్‌హౌస్ రోజ్ గార్డెన్‌లో ట్రంప్ టర్కీ కోళ్లకు క్షమాభిక్ష పెట్టిన (అంటే థాంక్స్‌గివింగ్ పండగ విందుకి కొయ్యకుండా వదిలేసే తంతు) వీడియో నిన్న రాత్రి మళ్లీ చూశాను. గాబుల్, వాడిల్ అని రెండు కోళ్లు, ఒక్కోటీ 20 కిలోల పైమాటే. ప్రత్యర్థుల మీద సెటైర్లు, జనం నవ్వులు, చప్పట్లు. ఆ మధ్యలోనే ఉక్రెయిన్ మాటొచ్చింది, ఒప్పందానికి బాగా దగ్గర పడ్డాం అన్నాడు. అదే రోజు తెల్లవారకముందే కీవ్‌లో అపార్ట్‌మెంట్ల మీద రష్యా క్షిపణులు, డ్రోన్లు పడి మనుషులు పోయారు. పైగా యుద్ధం ఆపడానికి అమెరికా పెట్టిన 28 సూత్రాల ప్లాన్‌కి ఒప్పుకోవడానికి ఉక్రెయిన్‌కి మొదట పెట్టిన గడువు కూడా థాంక్స్‌గివింగ్ రోజే, అంటే నవంబర్ 27.

పండగ చేసుకోవద్దని నేననను. కానీ ఆ కోడి పక్కన నిలబడి యుద్ధం గురించి అలా ఓ మాట విసరడం నాకు మింగుడు పడలేదు. మీరేమంటారు?

కందిరీగ
అన్నా, మరీ సున్నితంగా ఉన్నావ్. ఆ తంతు ఆయన కనిపెట్టింది కాదు. ట్రూమన్ కాలం నుంచీ ఏటా టర్కీని తెచ్చి ఇస్తూనే ఉన్నారు, 1989లో పెద్ద బుష్ క్షమాభిక్ష అన్నాక అది ఆనవాయితీ అయింది. ఇది మానేస్తే కీవ్ మీద ఒక్క డ్రోన్ తగ్గుతుందా?

1941 చూడు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి 17 రోజులైంది. రూజ్‌వెల్ట్ చర్చిల్‌ని పక్కన పెట్టుకుని క్రిస్మస్ చెట్టుకి దీపాలు వెలిగించాడు. లోపల యుద్ధ వ్యూహం చర్చలు, బయట చెట్టు. పిల్లలకి ఈ ఒక్క రాత్రైనా వదిలేద్దాం అన్న ధోరణిలో మాట్లాడాడు చర్చిల్. ఎవరైనా తప్పు పట్టారా?

ఎర్రపెన్ను
కందిరీగ గారూ, సగం కథ చెప్పి ఆపేశారు. ఆ తర్వాత 1942, 43, 44 మూడేళ్లూ క్రిస్మస్ చెట్టుని అలంకరించారు కానీ దీపాలు వెలిగించలేదు. అంటే పండగ ఉంది, దాని మీద యుద్ధం నీడ కూడా కనిపించేలా ఉంది. నిద్రపట్టనివాడు గారు అడుగుతున్నది అదే అనుకుంటా, మానెయ్యమని కాదు, తెలిసినట్టు ఉండమని.

నాకు దీనికి గుర్తొచ్చేది అప్పటి అధ్యక్షుడు కార్టర్. 1979 నవంబర్ 4న ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీలో బందీలైనవాళ్లు డిసెంబర్‌కి కూడా లోపలే ఉన్నారు. చెట్టు వెలిగించే రోజున అందరూ కౌంట్‌డౌన్ చేసి చూస్తున్నారు, కార్టర్ కూతురు ఎమీ స్విచ్ వేసింది, చెట్టు చివరన నక్షత్రం ఒక్కటే వెలిగింది, చుట్టూ ఉన్న 50 చిన్న చెట్ల మీద బందీకొకటి చొప్పున నీలం లైట్లు. పెద్ద చెట్టు చీకట్లోనే ఉండిపోయింది. వాళ్లు ఇంటికొచ్చాకే మిగతావి వెలిగిస్తామన్నాడు. మరుసటేడు క్రిస్మస్‌కీ రాలేదు. అప్పుడు చెట్టంతా వెలిగించి 417 సెకన్లకి ఆర్పేశారు, బందీగా గడిచిన ఒక్కో రోజుకి ఒక్కో సెకను. ఒకసారి టైమర్ పెట్టుకుని 417 సెకన్లు ఊరికే కూర్చోండి, ఏడు నిమిషాలకి మూడు సెకన్లు తక్కువ. ఎంతసేపనిపిస్తుందో తెలుస్తుంది.

కందిరీగ
కూర్చుంటా గానీ, దాంతో ఏం ఒరిగింది? బందీలు మొత్తం 444 రోజులు లోపలే ఉన్నారు, అల్జీరియా మధ్యవర్తిత్వం చేస్తే 1981 జనవరి 20న వదిలారు, అదీ రీగన్ ప్రమాణం చేసిన కాసేపటికి. నన్నడిగితే కార్టర్ చీకటి చెట్టు టెహ్రాన్‌కి చెప్పిందేంటంటే, నీ చేతిలో ఉన్న సరుకు మాకు ఇంత విలువైంది, మా పండగే ఆగిపోయింది అని. బేరమాడేవాడు అలాంటిది ఎదుటివాడికి తెలియనిస్తాడా? పైగా అది యుద్ధం కూడా కాదు.

మూడోకన్ను
ఇద్దరూ దీపాల దగ్గరే ఆగిపోయారు. 1972 వియత్నాం యుద్ధం సంగతేంటి? పారిస్ చర్చలు బెడిసికొట్టాయని నిక్సన్ డిసెంబర్ 18న హనోయ్, హైఫాంగ్‌ల మీద బి-52లు పంపాడు. క్రిస్మస్‌కి 36 గంటలు ఆపి, పండగ అవ్వగానే మళ్లీ మొదలుపెట్టి 29 దాకా వేశాడు. హనోయ్‌లో ఖామ్ థియెన్ వీధి నేలమట్టమైంది 26 రాత్రి, అంటే పండగ మర్నాడు. అప్పుడు నిక్సన్ ఫ్లోరిడాలో కీ బిస్కేన్‌లో ఉన్నాడు. జనవరి 27న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వేదిక మీద జోకు వేశాడా లేదా అన్నది ఇక్కడ ఎవరికి కావాలి? ఆయన పండగని ఎంత గంభీరంగా జరుపుకున్నా ఆ వీధి వాళ్లకి ఒకటే.

నిద్రపట్టనివాడు
మూడోకన్ను గారూ, ఒప్పుకుంటా, నేను ఫొటో దగ్గర మొదలుపెట్టాను. కానీ రెండ్రోజులుగా ఆలోచిస్తుంటే నాకు అసలు ముల్లు ఎక్కడుందో తెలిసింది: కోడి కాదు, ఆ గడువు.

పండగని గడువుగా పెట్టడం తప్పని కూడా అనలేను, ఎందుకంటే అది పని చేసిన సందర్భాలు ఉన్నాయి. బోస్నియా చర్చలు 1995 నవంబర్ 1న డేటన్‌లోని ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో మొదలై 21న పొడి సంతకాల దాకా వచ్చాయి, థాంక్స్‌గివింగ్‌కి రెండ్రోజుల ముందు. 1998లో జార్జ్ మిచెల్ ఉత్తర ఐర్లండ్ పార్టీలకి ఏప్రిల్ 9 అర్ధరాత్రి అని గడువు పెట్టాడు, ఈస్టర్ ముందు గురువారం. అది దాటి తెల్లారింది, మర్నాడు గుడ్ ఫ్రైడే సాయంత్రానికి కుదిరింది, పేరు కూడా అదే పడిపోయింది. కానీ తేడా చూడండి. ఆ రెండు చోట్లా అందరూ ఒకే ప్రాంగణంలో ఉన్నారు, గడువు అందరి మెడ మీదా ఉంది, మధ్యవర్తి మిచెల్ అయితే అప్పటికే దాదాపు రెండేళ్లుగా వాళ్లతో కూర్చుని ఉన్నాడు. నవంబర్ 27 ఎవరి మెడ మీద ఉంది? ఉక్రెయిన్ ఒక్కదాని మీద. ఆ తేదీ అమెరికా భోజనాల బల్ల నుంచి వచ్చింది, యుద్ధంలో ఉన్న రెండు దేశాల్లోనూ అది మామూలు గురువారం. చివరికి కోళ్ల వేడుకైన రోజే విమానంలో ట్రంపే, యుద్ధం ముగిసినప్పుడే నా గడువు అన్నట్టు మాట్లాడి పక్కన పెట్టేశాడు. అంత తేలిగ్గా పక్కన పెట్టేదాన్ని బాంబులు పడుతున్నవాళ్ల మీద పెట్టడమెందుకు?

కందిరీగ
ఈ పాయింట్‌కి మాత్రం నా దగ్గర జవాబు లేదు గురూ. కోడిని మాత్రం వదిలెయ్, దానికి ఆల్రెడీ క్షమాభిక్ష అయిపోయింది 😄

సాలోచన
ఇంతసేపు అందరూ వాషింగ్టన్ గురించే. అటు వైపు కూడా ఒకసారి చూడండి. ఉక్రెయిన్ 2023లో చట్టం చేసి క్రిస్మస్‌ని జనవరి 7 నుంచి డిసెంబర్ 25కి మార్చుకుంది, రష్యా క్యాలెండర్‌తో తెగతెంపులు అన్నమాట. మరుసటేడు, 2024లో, అదే డిసెంబర్ 25 ఉదయం రష్యా కరెంటు ప్లాంట్ల మీద డెబ్బైకి పైగా క్షిపణులు వేసింది. ఇక 2025 క్రిస్మస్ ముందు రోజు మాటల్లో జెలెన్‌స్కీ, మా అందరి కోరికా ఒకటే, వాడు నశించాలి అన్నాడు, పేరు చెప్పకుండా. వెంటనే, కానీ దేవుణ్ణి మేం అడిగేది అంతకన్నా పెద్దది, శాంతి అన్నాడు. అదే వారం 20 సూత్రాల ప్లాన్ బయటపెట్టింది కూడా ఆయనే. మాస్కో వెంటనే పట్టుకుంది, ఇలా శపించేవాడు సరైన నిర్ణయాలు తీసుకోగలడా అని.

నాకైతే ఆ మాట తప్పనిపించలేదు. కానీ ట్రంప్ నోరు జారితే తప్పు, జెలెన్‌స్కీ శపిస్తే బాధ అని వదిలేస్తున్నానా అని నన్ను నేనే అడుక్కుంటున్నా.

ఎర్రపెన్ను
సాలోచన గారూ, వదిలెయ్యొచ్చనే నా ఉద్దేశం. ఆయన ఆ మాటన్నది తన ఊళ్ల మీద బాంబులు పడుతుండగా. మధ్యవర్తికి ఆ వెసులుబాటు లేదు. ఆ రోజే ట్రంప్ మార్-ఎ-లాగోలో శాంటా ఎక్కడున్నాడని అడిగే పిల్లలతో ఫోన్‌లో మాట్లాడాడు, నాలుగు రోజులకి అదే ఇంట్లో జెలెన్‌స్కీతో కూర్చున్నాడు. పిల్లల ఫోన్లని నేను తప్పు పట్టను, అక్కడ ఎవరికీ గడువు పెట్టలేదుగా.

నిద్రపట్టనివాడు
అవును. అది నాక్కూడా అభ్యంతరం అనిపించలేదు. కార్టర్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు నాకు, కందిరీగ బేరం లెక్క కరెక్టే అయినా. నిన్న నిజంగానే టైమర్ పెట్టాను. 200 దగ్గర లేచి నీళ్లు తాగొచ్చాను.