సెక్షన్‌కు ఎల్‌ఎంజీ మేలా, ఆటోమేటిక్ రైఫిలా?

ప్రశ్న (ఎన్‌సీసీ క్యాడెట్, తిరుపతి): అమెరికా మెరైన్లు స్క్వాడ్‌లో (మన సెక్షన్‌లాంటి చిన్న దళం) ఎం249 ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్ గన్) పక్కనపెట్టి ఎం27 ఆటోమేటిక్ రైఫిల్ తెచ్చుకున్నారు. మనవాళ్ళేమో 2020లో 16,479 ఇజ్రాయెల్ నెగెవ్ ఎల్‌ఎంజీలకు ఆర్డరిచ్చారు. ఎవరి లెక్క సరైనది సార్?

జవాబు (మాజీ హవల్దార్, చిత్తూరు): రెండూ సరైనవే తమ్ముడూ. ముందు సెక్షన్‌లో అలాంటి తుపాకులు ఎన్నున్నాయో చూడు. మన సెక్షన్‌లో పదిమందికి ఎల్‌ఎంజీ ఒక్కటే. ఎం27 వచ్చిన కొత్తలో మెరైన్ల 13 మంది స్క్వాడ్‌లో మూడు ఫైర్ టీములు, టీముకొక ఎం27 ఉండేవి. వాళ్ళలో ఒకడు మ్యాగజైన్ మారుస్తుంటే మిగతా ఇద్దరు కాలుస్తుండేవారు. మన దగ్గర ఆ ఒక్కటీ ఆగితే రైఫిల్ గ్రూపు (ముందుకు దూసుకెళ్ళే జవాన్లు) బయట పరుగులో ఉండగానే కవరింగ్ ఫైర్ (శత్రువు తలెత్తకుండా కాల్చే కాల్పులు) పోతుంది. ఎం27కు పెట్టే 30 తూటాల మ్యాగజైన్ అంటే ఆరేసి తూటాల బర్స్ట్‌లు (ఒక్క నొక్కుకు వరుసగా పేలేవి) ఐదు, అంతే. ఎం249కి తూటాలు దండలా గుచ్చిన బెల్ట్ పెట్టెలో 200 ఉంటాయి.

ప్రశ్న: మ్యాగజైన్లు ఎక్కువ మోస్తే చాలదా సార్?

జవాబు (అదే వ్యక్తి): చాలదు, అడ్డం పడేది వేడి. ఎం27 బారెల్‌ను (తూటా వెళ్ళే గొట్టాన్ని) కాల్పుల మధ్యలో మార్చలేం. ఆగకుండా సాగించాలంటే నిమిషానికి 36 తూటాలే లెక్క. పైగా అది క్లోజ్డ్ బోల్ట్, అంటే తూటాను లోపలికి తోసే బోల్ట్ కాల్చకముందే ముందుకొచ్చి మూసుకుని ఉంటుంది. కాల్చడం ఆపినా ఛాంబర్‌లో (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) తూటా ఉండిపోతుంది, బారెల్ బాగా కాగితే ట్రిగ్గర్ ముట్టకుండానే పేలొచ్చు. దాన్నే కుక్-ఆఫ్ అంటారు. ఓపెన్ బోల్ట్ ఎల్‌ఎంజీలో ట్రిగ్గర్ వదిలితే బోల్ట్ వెనకే నిలుస్తుంది, ఛాంబర్ ఖాళీ, గాలి ఆడుతుంది. స్పేర్ బారెల్ కూడా ఉంటుంది. అయితే ట్రిగ్గర్ నొక్కగానే బరువైన బోల్ట్ ముందుకు దూకి తుపాకీని కుదుపుతుంది, అందుకే మొదటి తూటా గురి కాస్త తప్పుతుంది. ఒంటి తూటా గురిలో ఎం27దే పైచేయి.

జవాబు (మరొకరు, పలమనేరు): బరువు మాట మరవొద్దు. ఎం249 ఖాళీగా ఏడున్నర కిలోలు, ఎం27 మూడున్నర పైచిలుకు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాడి భుజాన ఇంకో నాలుగు కిలోలు వేస్తే తెలుస్తుంది తేడా! కానీ తూటాల దగ్గర ఏమీ మిగలదు. 600 తూటాలకు ఇరవై మ్యాగజైన్లు దాదాపు పది కిలోలు, మూడు బెల్ట్ పెట్టెలూ ఇంచుమించు అంతే. నెగెవ్‌ది 7.62x51 తూటా, 600 అంటే ఉత్త తూటాలే 14 కిలోలు దాటతాయి. ఒక్కడు మోయలేడు, నంబర్ టూ (గన్నర్‌కు తోడుండే జవాను) కూడా పంచుకోవాల్సిందే.

ప్రశ్న: మరి మన దేశంలో తయారైన ఇన్సాస్ ఎల్‌ఎంజీని ఏ లెక్కలో వేయాలి?

జవాబు (మాజీ హవల్దార్): పేరు ఎల్‌ఎంజీయే గానీ 30 తూటాల మ్యాగజైన్, మార్చలేని బారెల్. పనితీరులో ఆటోమేటిక్ రైఫిల్‌కే దగ్గర. అంతకుముందు మనవాళ్ళు వాడిన బ్రెన్ ఎల్‌ఎంజీది కూడా మ్యాగజైనే, కాకపోతే దాని బారెల్ ఇట్టే ఊడదీసి మార్చొచ్చు. పరీక్షలో తేడా అడిగితే తూటాలు అందే తీరు, బారెల్ మార్పు, బోల్ట్ రకం, ఈ మూడూ రాయి. పేరు చూసి మాత్రం రాయొద్దు.