సోడియం పంపు లేదన్న గిల్బర్ట్ లింగ్ వాదనకు క్లాసులో ఏమని జవాబు చెప్పాలి?

ప్రశ్న: కోట దగ్గరి మాస్టారు, విజయనగరం

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెబుతాను. కణం లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ ఉంటే బయట 4, 5కు మించి ఉండదనీ, సోడియం లెక్క దీనికి తలకిందులనీ, ఈ తేడాను కణత్వచంలోని (కణం చుట్టూ ఉండే పొరలోని) పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ఖర్చుపెట్టి నిలబెడుతుందనీ గత వారం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "అసలు పంపే లేదని గిల్బర్ట్ లింగ్ 1962లో లెక్కకట్టి చూపించాడు కదా సార్" అన్నాడు.

ఇంటికి వచ్చి చదివాను. లింగ్ ప్రకారం పొటాషియం ప్రోటీన్లలోని ఆమ్ల సమూహాలకు అంటుకుని ఉంటుంది, కణంలోని నీరు పొరలు పొరలుగా అమరి ఉంటుంది కాబట్టి సోడియం అందులో సరిగా కరగదు, అందువల్ల పంపు అవసరమే లేదు. పంపు ఉంటే దానికి కావలసిన శక్తి కణం దగ్గరున్న దానికి 15 నుంచి 30 రెట్లు ఉండాలని ఆయన లెక్క. పోనీ దారిన పోయేవాడా అంటే కాదు. కణం లోపలి విద్యుత్ పొటెన్షియల్‌ను కొలిచే సన్నని గాజు మైక్రోఎలక్ట్రోడ్‌ను 1949లో జెరార్డ్ అనే శాస్త్రవేత్తతో కలిసి మెరుగుపరిచినవాడు. "సిలబస్‌లో లేదు, కూర్చో" అనడానికి నాకు మనసొప్పలేదు. ఏ ప్రయోగం చూపితే వాడి సందేహం తీరుతుంది?

జవాబు: రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, బొబ్బిలి

ఆ వాదనలో కాస్త బలమున్నది శక్తి లెక్కే కాబట్టి ముందు దాన్నే చూద్దాం. లింగ్ కప్ప కండరానికి ఆక్సిజన్ అందకుండా చేసి, విషం పెట్టి, 0 డిగ్రీల దగ్గర ఉంచి, రేడియోధార్మిక సోడియం ఎంత వేగంగా బయటికి వస్తోందో కొలిచాడు. అలా వచ్చిన ప్రతి సోడియం అయానునూ (విద్యుదావేశమున్న పరమాణువునూ) పంపే తోసిందని అనుకున్నాడు. కానీ లోపలి సోడియం ఒకటి బయటికి వస్తుంటే బయటి సోడియం మరొకటి దాని స్థానంలోకి వెళ్లే మార్పిడి కూడా ఉంది. ఉస్సింగ్ అనే శాస్త్రవేత్త ఎత్తిచూపిన ఈ మార్పిడికి శక్తి దాదాపుగా ఖర్చు కాదు. మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగేవాళ్లను మాత్రమే లెక్కపెట్టి, ఎక్కేవాళ్లను వదిలేస్తే, ఇంతమంది ఒకే బస్సులో ఎలా పట్టారని ఆశ్చర్యపోవలసిందే కదా. ఈ మార్పిడిని తీసేస్తే పంపు ఖర్చు కణం బడ్జెట్‌లోకి వచ్చేస్తుంది. విశ్రాంతిలో ఉన్న శరీరంలో అది మొత్తం శక్తిలో ఐదో వంతో, నాలుగో వంతో ఉంటుందని నేటి అంచనా. ఆ ఖర్చుకు నాణెమైన ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరని కూడా చెప్పండి. పిల్లలు ఆ పేరు మరచిపోరు.

ఇక పొటాషియం నిజంగా అంటుకునే ఉంటే అది కదలకూడదు. 1953లో హాడ్జ్‌కిన్, కీన్స్ అనే శాస్త్రవేత్తలు సీపియా అనే సముద్రజీవి నాడీతంతువులో రేడియోధార్మిక పొటాషియంను గమనిస్తే, అది మామూలు నీటిలో కదిలినంత స్వేచ్ఛగానే కదిలింది.

జవాబు: బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్, శ్రీకాకుళం

మాస్టారూ, నేను రోజూ చూసేది చెబుతాను. ఎర్ర రక్తకణాల సంచిని 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో పెడతాం. రోజులు గడిచేకొద్దీ కణాలలోని పొటాషియం బయటి ద్రవంలోకి దిగుతుంది. సంచి పాతబడ్డాక కొలిస్తే రోగి రక్తంలో ఉండకూడనంత అంకె కనిపిస్తుంది. అందుకే ఉద్దానం వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగులకు వీలైనంత తాజా సంచి వెతుకుతాం. అదే రక్తం ఒంట్లోకి ఎక్కి వేడి తగిలాక కణాలు పొటాషియంను మళ్లీ లోపలికి తీసుకుంటాయి. చలికి పంపు నెమ్మదించింది, వేడికి మళ్లీ తిరిగింది. ఇంతకంటే రుజువేం కావాలి?

జవాబు: నాగావళి ఒడ్డు

టెక్నీషియన్ గారూ, మీ ఉదాహరణ చాలా బాగుంది, కానీ దానితో లింగ్ ఓడిపోడు. ఏటీపీ ప్రోటీన్‌కు అతుక్కుని ఉన్నంతకాలమే పొటాషియం కూడా అతుక్కుని ఉంటుందని ఆయన సిద్ధాంతం. నిల్వలో ఏటీపీ తగ్గింది, పట్టు వదిలింది అంటాడు. గన్నేరు ఆకు తిన్న మేక చచ్చేది అందులోని విషం ఈ పంపునే పట్టేయడం వల్ల అని మనం చెబితే, ఆ విషం కూడా ప్రోటీన్ పట్టును మార్చేదేనని ఆయన జవాబిస్తాడు. నన్నడిగితే ఆ సిద్ధాంతపు బలహీనత అక్కడే ఉంది: ఏ ఫలితం వచ్చినా సర్దుకుంటుంది.

కాబట్టి ప్రోటీన్ గుజ్జునే తీసేసి చూడాలి. ఎర్ర రక్తకణం నుంచి హీమోగ్లోబిన్‌ను కడిగేసి, ఏటీపీ వేసి, పొరను మళ్లీ మూసుకోనిస్తే, ఆ డొల్లలు కూడా సోడియంను బయటికి తోస్తాయి. పొటాషియం అంటుకోవడానికి అక్కడ ప్రోటీన్ ఇంకేం మిగిలింది?

కోట దగ్గరి మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ డొల్లల సంగతి ఇవాళ చెప్పాను. వాడు వెంటనే, "హీమోగ్లోబిన్ పూర్తిగా పోయిందని ఎలా తెలుసు సార్?" అన్నాడు. లింగ్ కూడా సరిగ్గా ఇదే అడిగాడట!

నాగావళి ఒడ్డు

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు 1970ల దశకంలో వచ్చింది. 1957లో యెన్స్ స్కౌ అనే శాస్త్రవేత్త పీత కాళ్ల నాడుల్లో కనిపెట్టిన, ఈ పంపు పని చేసే ఎంజైమును శుద్ధిచేసి, కొవ్వు పదార్థంతో చేసిన ఖాళీ బుడగల్లో అమర్చారు. అక్కడ కణమూ లేదు, కణద్రవ్యమూ లేదు. ఏటీపీ వేయగానే ఆ బుడగల పొరకు అటూ ఇటూ అయాన్లు పంపు అయ్యాయి. సాధారణంగా ఒక్కో ఏటీపీకి 3 సోడియంలు ఒకవైపు, 2 పొటాషియంలు రెండోవైపు. స్కౌకు 1997లో నోబెల్ వచ్చింది. లింగ్ మాత్రం 2019లో, దాదాపు నూరేళ్ల వయసులో పోయేదాకా ఒప్పుకోలేదు.

వాడు దీనికీ ఏదైనా అడిగితే ఇక్కడ రాయండి.