షోర్యూకెన్: ఒక సమాసం, లేని ఒక గురువు

సభ్యులకు నమస్కారం. ‘స్ట్రీట్ ఫైటర్’ అనే జపాను వీడియో ఆటలో ర్యూ, కెన్ అనే యోధులు నేల నుంచి పైకి ఎగురుతూ కొట్టే దెబ్బను ‘షోర్యూకెన్’ అంటారు. ఆ మాటకు అర్థమేమిటి, తెలుగులో ఎలా చెప్పవచ్చు అని ఒక మిత్రుడు అడిగారు.

ఇది మూడు కాంజీ (జపనీయులు వాడే చీనా లిపి) అక్షరాల సమాసం: ‘షో’ పైకి లేవడం, ‘ర్యూ’ డ్రాగన్, ‘కెన్’ పిడికిలి. (ర్యూ పాత్ర పేరును రాసే అక్షరం వేరు, దానికి ఔన్నత్యమని అర్థం.) విడిగా పిడికిలిని జపనీయులు ‘కొబుషి’ అంటారు, సమాసంలో మాత్రం చీనా నుంచి వచ్చిన ‘కెన్’ చేరుతుంది. మనం ‘పిడికిలి’ అంటూనే సమాసంలో ‘ముష్టి’ వాడినట్టే ఇది. ఇదే యోధుల తిరుగుడు తన్ను ‘తత్సుమాకి సెంపూక్యాకు’లో మొదటి భాగం దేశ్యం, తక్కినది చీనా పదజాలం, చిన్నయసూరి లెక్కలో అది మిశ్రసమాసం.

ఒకే అక్షరాన్ని రెండు భాషలు రెండు విధాలుగా పలకడం వల్ల ఈ మాటకు వింత చరిత్ర ఏర్పడింది. 1991 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో గెలిచిన ర్యూ, షోర్యూకెన్‌ను ఛేదించనంత వరకు నీకు గెలుపు లేదని ప్రత్యర్థితో అంటాడు. ఆంగ్లంలోకి మార్చినవారు మొదటి రెండు అక్షరాలను చీనా ఉచ్చారణతో ‘షెంగ్ లాంగ్’ అని రాయడంతో దెబ్బ పేరు కాస్తా మనిషి పేరైంది, అతడే ర్యూ గురువని ఆటగాళ్లు అనుకున్నారు. 1992లో ఒక అమెరికా పత్రిక ఏప్రిల్ సంచికలో అతనితో రహస్యంగా తలపడే ఉపాయమంటూ కట్టుకథ ప్రచురిస్తే ఎందరో నమ్మి, గంటల తరబడి ప్రయత్నించారు. అసలు గురువు పేరు గౌకెన్. అతడు 2009లో ఇళ్లలోని ఆట యంత్రాలకు వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 4’లో ఆడదగిన పాత్ర అయ్యాడు.

ఆ పొరపాటు అంతగా నిలవడానికి పాత్రల రూపకల్పన కూడా కారణమని నా అభిప్రాయం. తెల్లని కరాటే దుస్తులు, నుదుటి కట్టు, వట్టి కాళ్లతో తిరిగే ర్యూను చూస్తే, వెనుక ఒక గురువు ఉండి తీరాలనిపిస్తుంది. దెబ్బ కూడా తన పేరునే గీసి చూపుతుంది: దేహం వంగి, మెలితిరిగి లేస్తుంది, అన్నిటికన్నా పైన పిడికిలి ఉంటుంది.

ఇక అనువాదం. డ్రాగన్‌కు ‘నాగ’ అనడం తప్పు కాదు. బౌద్ధగ్రంథాలను అనువదించిన చీనా పండితులు ‘నాగ’ శబ్దానికి ఈ డ్రాగన్ అక్షరాన్నే వాడారు. నాగార్జునకొండ పేరులో నిలిచిన ఆచార్య నాగార్జునుడు జపనీయులకు ‘ర్యూజు’, అంటే నాగవృక్షం. ‘ఉద్గతనాగముష్టి’ అనవచ్చు గాని, ‘ఉద్గత’ అంటే లేవడం అయిపోయినట్టు. లేస్తూ ఉండటం తెలియాలంటే, లలితా సహస్రనామంలోని ‘ఉద్యద్భాను’ వలె ‘ఉద్యత్’ తీసుకుని, సంధి చేసి ‘ఉద్యన్నాగముష్టి’ అనడం మేలు. ఆడేటప్పుడు అరిచే పిలుపుగా మాత్రం ‘షోర్యూకెన్’ అనే ఉంచాలి.