బైబిల్లోని తులము, మణుగు: గ్రాముల్లోకి ఏ లెక్కన మార్చాలి?

ప్రశ్న (చిత్తూరు, లెక్కల ఉపాధ్యాయుడు)

అందరికీ నమస్కారం. ఆదివారం బడి పిల్లలకు దావీదు చంపిన మహాకాయుడు గొల్యాతు కథ చెబుతూ, అతని కవచం 5,000 తులాలని చదివి, తులానికి 10 గ్రాముల చొప్పున 50 కిలోలని బోర్డు మీద వేశాను. బెల్లం మండీలో చాలాకాలం గుమాస్తాగా పనిచేసిన ఒక పెద్దాయన వెనుక బెంచీ నుంచి లేచి, పాత తులం 11.66 గ్రాములు కాబట్టి 58 కిలోలు దాటుతుందని సరిదిద్దారు. ఇంటికి వచ్చి దావీదు తల మీద పెట్టిన మణుగు బంగారు కిరీటం లెక్క చూడబోతే చిక్కు మరింత పెరిగింది. మా తాతగారి కాలపు లెక్క ప్రకారం 120 తులాలు ఒక వీసె, 8 వీసెలు ఒక మణుగు, అంటే 11 కిలోల పైచిలుకు. ఇంగ్లీషు పుస్తకాలేమో 34 కిలోలంటున్నాయి. ఏ లెక్క పిల్లలకు చెప్పమంటారు?

జవాబు 1 (తిరుపతి, ప్రాచీన చరిత్ర విద్యార్థి)

మాస్టారూ, మీ లెక్కలో తప్పు లేదు, చిక్కంతా మాటలో ఉంది. హీబ్రూలో షెకెల్ అని ఉన్నచోట మన అనువాదకులు తులమనీ, కిక్కార్ అని ఉన్నచోట మణుగనీ, గేరా అని ఉన్నచోట చిన్నమనీ, చదివేవారికి తెలిసిన పేర్లు పెట్టారు. పేరు మనదే గానీ బరువు మనది కాదు. కాబట్టి మన తులాన్నీ మన మణుగునూ పూర్తిగా పక్కనపెట్టి, ముందుగా ఆ గ్రంథమే ఇచ్చే నిష్పత్తిని పట్టుకోవాలి. హీబ్రూ మూలంలో నిర్గమకాండము 38వ అధ్యాయంలో 6,03,550 మంది తలకు అర తులం చొప్పున ఇచ్చిన వెండి 100 మణుగుల 1,775 తులాలయిందని ఉంది. మొత్తం 3,01,775 తులాలు. అందులోంచి 1,775 తీసేసి నూరుతో భాగిస్తే మణుగుకు 3,000 తులాలు వస్తాయి. మన మణుగుకు 960 తులాలే కదా, తేడా అక్కడే ఉంది. తులానికి 20 చిన్నాలని కూడా నిర్గమకాండమే చెబుతోంది.

ఇక గ్రాముల సంగతి గ్రంథంలో దొరకదు, అది మట్టిలోంచి రావలసిందే. యూదా ప్రాంతపు తవ్వకాల్లో క్రీ.పూ. 8, 7 శతాబ్దాల నాటి సున్నపురాతి తూనికరాళ్ళు వందల సంఖ్యలో దొరికాయి. అడుగు చదునుగా, పైభాగం గుండ్రంగా ఉండే ఆ రాళ్ళ మీద షెకెల్ గుర్తు, పక్కన ఈజిప్టు లిపి అంకె చెక్కి ఉంటాయి. వాటిని తూచి సగటు తీస్తే ఒక షెకెల్ సుమారు 11.33 గ్రాములని తేలింది. ఆ లెక్కన మణుగు 34 కిలోలు, చిన్నం అర గ్రాముకు కాస్త ఎక్కువ, గొల్యాతు కవచం దాదాపు 57 కిలోలు, అతని ఈటె మొన 600 తులాలు గనుక 6.8 కిలోలు. మండీ పెద్దాయన చెప్పిన అంకె దీనికి దగ్గరగా రావడం కేవలం కాకతాళీయం. అదే పద్ధతిలో ఆయన మణుగును లెక్కగడితే బరువు మూడో వంతుకు పడిపోతుంది.

జవాబు 2 (తిరుపతి, నగల పని)

మాది మూడు తరాలుగా తూకంతో ముడిపడిన పని కాబట్టి ఒక మాట చెబుతాను. పాత తులం 11.66 గ్రాములైనా, మెట్రిక్ కొలతలు వచ్చాక బజారులో అది 10 గ్రాములకు స్థిరపడింది. మా వైపు ఇప్పటికీ 8 గ్రాముల సవరతోనే బేరం సాగుతుంది. మా జ్ఞాపకం ఉన్న కాలంలోనే ఒకే మాట రెండు బరువులు మోసినప్పుడు, ఆ కాలపు రాళ్ళన్నీ ఒకే తూకం తూగాయని ఎలా అనుకుంటాం? మా తాతగారి పెట్టెలోని ఇత్తడి పడికట్టు రాళ్ళను ఒకసారి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూశాను. అరిగి అంచులు నున్నబడిన అర తులం రాయి, ఉండవలసిన 5.83 గ్రాములకు బదులు 5.7 దగ్గర ఆగింది. అందువల్ల 11.33 అని రెండు దశాంశాలు వేసి, దాన్ని 3,000తో హెచ్చవేసి, 33.99 కిలోలని రాస్తే లేని కచ్చితత్వాన్ని తెచ్చిపెట్టినట్టే. సుమారు 34 అనడమే న్యాయం.

జవాబు 3 (మదనపల్లె)

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. ఈ 11.33ను బైబిల్ అంతటికీ వర్తింపజేయకూడదు. బాబిలోను షెకెల్ 8.4 గ్రాముల దగ్గర ఉండేది. యేసు కాలంలో ఆలయపు పన్ను కట్టిన తూరు నగరపు వెండి షెకెల్ నాణెం 14 గ్రాముల దాకా తూగేది. షెకెల్‌కూ మణుగుకూ మధ్య ఉండే మినా అనే కొలత సాధారణంగా 50 షెకెళ్ళు కాగా, యెహెజ్కేలు గ్రంథం 45వ అధ్యాయంలోని అంకెలు కూడితే 60 వస్తుంది. బెకా, అంటే అర షెకెల్, అని పేరు చెక్కిన రాళ్ళు కూడా సరిగ్గా సగం తూగవు, 6 గ్రాముల చుట్టూ ఉంటాయి. ఏ కాలపు వచనమో చూసుకున్న తర్వాతే హెచ్చవేతకు దిగాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఆదివారం 50 చెరిపి, సుమారు 57 అని వేసి, ఆ సుమారు ఎందుకో కూడా చెబుతాను. అయితే 34 కిలోల కిరీటాన్ని మనిషి తల మీద ఎలా మోశాడని పిల్లలు తప్పక అడుగుతారు.

జవాబు 1 (తిరుపతి, ప్రాచీన చరిత్ర విద్యార్థి)

అడగవలసిన ప్రశ్నే. ఆ కిరీటం దావీదు అమ్మోనీయులను ఓడించి తీసుకున్నది. అక్కడ వారి రాజు అని అనువదించిన హీబ్రూ మాటను, అచ్చులు మార్చి చదివితే మిల్కోము అనే అమ్మోనీయుల దేవత పేరవుతుంది. అలా చదివేవారు ఆ కిరీటం మనిషిది కాదనీ, విగ్రహానిదనీ అంటారు. దావీదు తల మీదికి వచ్చింది అందులోని రత్నమేనని కూడా కొందరి వివరణ. బరువు మాత్రం ఎలా చదివినా సుమారు 34 కిలోలే.